కనుబొమలకు వద్దన్న ఆ ఒక్క వాక్యం

సుమారు పదిహేనేళ్ళుగా నెలకొక ఆదివారం ఉదయం మా ఇంట్లో ఒక చిన్న క్రతువు జరుగుతూ వస్తోంది. పాత బనియను, చిరిగిన తువ్వాలు, ఒక ప్లాస్టిక్ గిన్నె, పళ్ళు అరిగిన బ్రష్షు - ఇవి సంభారాలు. యజమానిని నేను. తలకు రంగు వేసుకోవడం పూర్తయ్యాక గిన్నె అడుగున కొంచెం మిగులుతుంది. దాన్ని పారబోయడానికి మధ్యతరగతి మనసు ఒప్పుకోదు గనుక మీసానికి పూస్తాను. ఇంకా మిగిలితే, నెరుస్తున్న కనుబొమల మీద కూడా చూపుడువేలితో ఒకసారి అలా రాస్తాను. ఎన్నడూ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు గనుక ఇందులో ఆలోచించవలసినది ఏదో ఉందని కూడా ఎన్నడూ తోచలేదు.

కిందటి మాఘమాసంలో మా అక్క కూతురి పెళ్ళి. ముహూర్తానికి ఇంకా మూడు వారాలుందనగా ఒక ఆదివారం ఆ పిల్ల శుభలేఖలు ఇవ్వడానికి వచ్చింది. చిన్నప్పటినుంచీ దాని కనుబొమలు పలచన. పెళ్ళినాటికి వాటిని తీర్చిదిద్దించుకోవాలని ముచ్చట పడుతోంది. బ్యూటీ పార్లరులో రెండు మార్గాలు చెప్పారట. మొదటిది మైక్రోబ్లేడింగ్. వరుసగా అమర్చిన సన్నని సూదులతో చర్మంలో వెంట్రుకల్లాంటి గీతలు గీసి, వాటిలో రంగు నింపుతారు. ఏడాది, రెండేళ్ళు నిలుస్తుంది. దీన్ని అర్ధశాశ్వతమంటారు. రెండవది ఉన్న వెంట్రుకలకే రంగు అద్దడం. అది కొన్ని వారాలు ఉంటుంది. రెండూ కలిపి చేయించుకుంటే డబ్బు తగ్గిస్తామన్నారు. "మామయ్యా, నువ్వు ఏవేవో చదువుతుంటావు కదా, ఇందులో ప్రమాదమేమైనా ఉందా?" అని అడిగింది.

నేను పాత చరిత్రలు తిరగేసేవాణ్ణే గాని వైద్యుణ్ణి కాను. "దానికేముందమ్మా, నేను వేసుకోవడం లేదూ?" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఆ పిల్ల బల్లమీద పడివున్న నా హెయిర్ డై పాకెట్టు తీసి, వెనక చీమతలకాయలంత అక్షరాల్లో ఉన్నదేదో కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చదివింది. చదివి నా ముఖంకేసి చూసింది. ఆ వాక్యం సారాంశం ఇది: దీనిని కనుబొమలకు గాని, కనురెప్పల వెంట్రుకలకు గాని వాడరాదు, వాడితే చూపు పోవచ్చు.

నా కనుబొమలు అప్పటికింకా తడిగానే ఉన్నాయి.

ఆ పిల్ల వెళ్ళిపోయాక పాకెట్టు ముందు పెట్టుకొని కూర్చున్నాను. పదిహేనేళ్ళు నా చేతుల్లో నలిగిన ఆ కాగితం మీద ఇంత భయంకరమైన మాట ఎవరు రాశారు? ఎందుకు రాశారు? అంత ప్రమాదమే అయితే అమ్మనివ్వడమెందుకు? రాయక తప్పలేదంటే, రాయించినదేమిటి? ఈ ప్రశ్నలు పట్టుకొని వెదుకుతూ పోతే దారి అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి, 1933వ సంవత్సరానికి తీసుకుపోయింది.

*

డేటన్ అనే పట్టణంలో ఒక గృహిణి ఉండేది. చరిత్రలో ఆమె "మిసెస్ బ్రౌన్"గా మిగిలింది. పిల్లల బడి తల్లిదండ్రుల సంఘంలో ఆమె చేసిన సేవకు గుర్తుగా ఒక విందు ఏర్పాటైంది. విందుకు ముందు ఆమె బ్యూటీ పార్లరుకు వెళ్ళింది. అక్కడ ఆమె కనుబొమలకూ కనురెప్పల వెంట్రుకలకూ "లాష్ లూర్" అనే రంగు వేశారు. కొద్దిసేపటికే కళ్ళు మండసాగాయి. తెల్లవారేసరికి రెప్పలు తెరవలేకపోయింది. కళ్ళచుట్టూ పుండ్లు పడ్డాయి, నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర పాడైపోయింది. ఆమెకు చూపు పోయింది. ఆమె ఒక్కతే కాదు. అదే సంవత్సరం అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వైద్యులు ఇటువంటి కేసులను వర్ణిస్తూ వ్యాసాలు రాశారు. ఆ రంగు వల్ల కళ్ళు దెబ్బతిన్న స్త్రీలు పదిమందికి పైనే. ఒకామె ప్రాణమే పోయింది.

ఆ సీసాలో ఉన్నది పారా ఫెనిలిన్ డయమిన్ జాతికి చెందిన రసాయనం. మూడు అక్షరాల్లో పీపీడీ. నేలబొగ్గు తారునుంచి పుట్టిన రంగుల వంశంలోనిది. దానికదిగా రంగు లేనిదే. పెరాక్సైడు వంటిది కలిపితే దానిలోని ప్రాణవాయువుతో చేరి నల్లబడుతుంది. వెంట్రుక లోపలికి చొరబడి అక్కడ నల్లబడుతుంది గనుక కడిగినా పోదు. 1907లో ఫ్రాన్సులో యూజీన్ షుల్లేర్ అనే యువ రసాయన శాస్త్రవేత్త కృత్రిమమైన జుట్టు రంగును తయారుచేసి క్షౌరశాలలకు అమ్మడం మొదలుపెట్టాడు. ఈనాటి లోరియాల్ సంస్థకు అది పునాది. తలకు సాగిన వ్యాపారం రెప్పలకు మాత్రం ఎందుకు సాగదనుకున్నారో ఏమో, ఇరవై ఏళ్ళు గడిచేసరికి అదే జాతి రంగు కంటి అంచుకు దిగింది.

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది. ఇన్ని కళ్ళు దెబ్బతిన్నాక ప్రభుత్వం ఆ సీసాను బజారునుంచి తీయించివేసి ఉంటుందనుకుంటాం. తీయించలేదు. తీయించే అధికారం లేదు. అమెరికాలో అప్పటికి అమలులో ఉన్నది 1906 నాటి శుద్ధ ఆహార ఔషధ చట్టం. అందులో ఆహారముంది, ఔషధముంది. సౌందర్య సాధనమన్న మాటే లేదు. నూనెలో కల్తీ ఉంటే పట్టుకోవచ్చు, కంటికి పూసే విషాన్ని పట్టుకోరాదు. ఆహార ఔషధ సంస్థ అధికారులు బాధితుల ఛాయాచిత్రాలు చేతబట్టుకొని చూస్తూ ఉండిపోయారు. మరో ఐదేళ్ళు లాష్ లూర్ అమ్ముడవుతూనే ఉంది.

చేయగలిగినది ఒక్కటే. చూపించడం. ఆ సంస్థవారు ఒక ప్రదర్శన తయారుచేశారు. చట్టం పట్టుకోలేని వస్తువులను, వాటి బాధితుల చిత్రాలను పక్కపక్కనే పెట్టారు. అందులో కొరెమ్లు అనే రోమనాశిని ఉంది, దానిలో ఎలుకలను చంపే థాలియం ఉండేది. మిసెస్ బ్రౌన్ చిత్రాలు రెండున్నాయి, పార్లరుకు వెళ్ళకముందుదొకటి, తరువాతిదొకటి. ఈ ప్రదర్శనకు పత్రికలవారు "భయానకాల గది" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ కూడా ఈ చిత్రాలను చూసింది. సంస్థలో ప్రచార విభాగం చూసే రూత్ లాంబ్ అనే అధికారిణి 1936లో ఇదంతా ఒక పుస్తకంగా రాసింది. ఊరూరా స్త్రీల సంఘాలు కొత్త చట్టం కావాలని పట్టుబట్టాయి. తయారీదారులూ, వారి ప్రకటనల మీద బతికే పత్రికలలో చాలావరకూ ఎదురు నిలిచాయి. 1933లో ప్రవేశపెట్టిన బిల్లు ఐదేళ్ళు నలిగింది.

చివరికి దాన్ని కదిలించినది కూడా కనుబొమ కాదు. 1937 శరదృతువులో సల్ఫానిలమైడ్ అనే మందును తీయని ద్రవంగా మార్చడానికి ఒక సంస్థ డై ఇథిలీన్ గ్లైకాల్ కలిపింది. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో పసిపిల్లలెందరో. అప్పుడుగాని చట్టసభకు తెలివి రాలేదు. 1938 జూన్ 25న రూజ్‌వెల్ట్ సంతకం చేశాడు. చట్టంలోని చాలా భాగాలకు ఏడాది గడువు ఇచ్చారు గాని, ప్రమాదకరమైన సౌందర్య సాధనాలను నిషేధించే భాగం ఆనాటినుంచే అమలులోకి వచ్చింది. ఆ చట్టం కింద మొట్టమొదట స్వాధీనం చేసుకున్న వస్తువు లాష్ లూర్. అందత్వం తెచ్చే సీసాకు న్యాయం జరగడానికి ఐదేళ్ళు పట్టింది.

*

కథ ఇక్కడే ముగిస్తే సుఖాంతమే. కానీ నా పాకెట్టు మీది వాక్యం పుట్టింది దీని తరువాతి మలుపులో.

తారు రంగులతో తయారయ్యే జుట్టు రంగులన్నిటినీ ఆ చట్టం నిషేధించి ఉంటే ఒక పెద్ద పరిశ్రమ మూతపడేది. అందుకు పరిశ్రమ ఒప్పుకోలేదు. కనుక ఒక రాజీ కుదిరింది. తలకు వేసుకునే తారు రంగులకు మినహాయింపు దొరికింది. దానికి షరతు ఏమిటంటే, ఈ రంగు కొందరి చర్మానికి పడకపోవచ్చు గనుక ముందుగా పరీక్ష చేసుకోవాలనీ, కనుబొమలకూ రెప్పలకూ వాడితే గుడ్డితనం రావచ్చనీ పాకెట్టు మీద స్పష్టంగా అచ్చువేయాలి. కనుబొమలకూ రెప్పలకూ అని అమ్మే రంగుకు మాత్రం ఈ మినహాయింపు లేదు.

అంటే ఆ చిన్న అక్షరాలు తయారీదారుని దయాగుణం వల్ల వచ్చినవి కావు. నిషేధించాలన్న వాళ్ళకూ, అమ్ముకుంటామన్న వాళ్ళకూ మధ్య కుదిరిన ఒడంబడిక అది. ఆ ఒడంబడికలో మూడవ పక్షం ఒకటుంది. అది మనం. వస్తువును ఆపే బాధ్యత చట్టం వదులుకుంది, చెప్పే బాధ్యత తయారీదారు తీసుకున్నాడు, చదివి జాగ్రత్త పడే బాధ్యత మనకు మిగిల్చారు. మనం సంతకం పెట్టకుండానే ఒప్పుకున్న ఒప్పందమది. పదిహేనేళ్ళుగా నేను దాన్ని చదవనైనా లేదు!

ఈ వాక్యం సముద్రాలు దాటి మన ఊరి కిరాణా కొట్టుదాకా ఎలా వచ్చిందో చెబితే ఆశ్చర్యంగా ఉంటుంది. మన దేశంలో 1940లో వచ్చినది ఔషధాల చట్టం మాత్రమే. సౌందర్య సాధనాలను అందులో చేర్చి, చట్టం పేరును కూడా పొడిగించినది 1962 సవరణ. శరీరానికి రుద్దేది, పోసేది, చల్లేది, లోనికి ప్రవేశపెట్టేది అంటూ సౌందర్య సాధనానికి అక్కడ ఇచ్చిన నిర్వచనం చదివితే 1938 నాటి అమెరికా నిర్వచనమే ఇంచుమించు మాటకు మాటగా కనిపిస్తుంది. దాని వెంబడే హెచ్చరికా వచ్చింది. పీపీడీ వంటి రంగులున్న ప్రతి పాకెట్టు మీదా ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ ఆ హెచ్చరిక ఉండాలని మన నియమాలు ఆదేశించాయి. లోపల పెట్టే కాగితంలో పరీక్ష విధానం కూడా చెప్పాలి. చెవి వెనక గాని, ముంజేతి లోపలివైపు గాని చర్మం శుభ్రం చేసి, కలిపిన రంగు కొద్దిగా రాసి ఆరనివ్వాలి. 24 గంటల తరువాత కడగాలి. దురద, వాపు లేకపోతేనే వాడాలి. ఈ పరీక్ష వాడిన ప్రతిసారీ చేసుకోవాలి.

డేటన్ పట్టణపు మిసెస్ బ్రౌన్ కళ్ళు మా ఇంటి పాకెట్టు మీద తెలుగు అక్షరాలయ్యాయి.

*

"ప్రతిసారీ" అన్న మాట దగ్గర నాకు విసుగు వచ్చింది. పదిహేనేళ్ళు ఏమీ కానివాడికి పదహారో ఏట పరీక్ష ఎందుకు? దీనికి సమాధానం శరీరధర్మంలో ఉంది.

పీపీడీ అణువు మిక్కిలి చిన్నది. చర్మంలోకి సులభంగా దిగి అక్కడి మాంసకృత్తులతో అతుక్కుంటుంది. శరీరపు కాపలా కణాలు దాన్ని పరాయిదిగా గుర్తుపట్టవచ్చు. గుర్తుపట్టిన మొదటిసారి పైకి ఏమీ కనబడదు. ఒక జ్ఞాపకం మాత్రం మిగులుతుంది. ఆ జ్ఞాపకం ఏర్పడ్డాక తిరిగి తగిలినప్పుడే రభస. అది కూడా వెంటనే కాదు. సగం రోజునుంచి మూడు రోజుల లోపల మెల్లగా పైకి వస్తుంది. అందువల్ల "ఇదివరకు వాడాను, ఏమీ కాలేదు" అనేది అభయం కాదు. ఇదివరకు వాడడమే ఆ జ్ఞాపకానికి కారణం కావచ్చు. పార్లరులో పది నిమిషాలు చేతిమీద రాసి "చూశారా, ఏమీ లేదు" అనడం కూడా పరీక్ష కాదు. చర్మవైద్యులు పట్టీ వేసి 48 గంటలకు ఒకసారి, మళ్ళీ ఒకటి రెండు రోజులకు ఇంకొకసారి చూస్తారు. 2006లో అమెరికా చర్మవైద్యుల సంఘమొకటి పీపీడీని ఆ సంవత్సరపు ప్రధాన అలర్జీకారకంగా ప్రకటించింది.

ఇది చదువుతుండగా నాకు ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చి గుండె జారింది. మా మేనకోడలు ఇంజనీరింగు చదివే రోజుల్లో స్నేహితురాలి పెళ్ళిలో చేతికి నల్ల మెహందీ పెట్టించుకుంది. గోరింటాకు ఎర్రగా పండుతుంది గాని నల్లగా పండదు. గంటలో నల్లగా పండితే అందులో జుట్టు రంగు కలిసిందని అనుమానించాలి. మూడోనాటికి ఆ డిజైను మేరకు, తీగకు తీగ, ఆకుకు ఆకు, చేయి బొబ్బలెక్కింది. అప్పుడు మేమంతా వేడి చేసిందన్నాం. అక్క దిష్టి తీసింది. చల్లని మజ్జిగ తాగించాం. ఆ చేతిమీద రాసివున్న సంగతిని మాలో ఒక్కరమూ చదవలేకపోయాం.

వెంటనే అక్కకు ఫోను చేశాను.

*

ఇంతవరకూ చెప్పినది వెంట్రుకలకు అద్దే రంగు చరిత్ర. పార్లరువారు చెప్పిన మొదటి మార్గం వేరు. అక్కడ రంగు చర్మం మీద కాదు, చర్మంలో ఉంటుంది. పేరు కొత్తదే గాని పని పాతది. మా నాయనమ్మ ముంజేతి మీద ఒక చిన్న తులసికోట ఉండేది. జాతరలో సూదులతో, మసితో, ఆకుపసరుతో ఎరుకల స్త్రీ పొడిచిన పచ్చబొట్టు. మసి నల్లనిదే అయినా చర్మం లోతునుంచి చూస్తే పచ్చగా, నీలంగా కనబడుతుంది. పచ్చబొట్టుకు ఆ పేరు అందుకే కాబోలు. పైచర్మం నెలా నెలన్నరలో రాలి కొత్తది వస్తుంది. రంగు దాని కిందిపొరలో పడితేనే నిలుస్తుంది. అక్కడి కాపలా కణాలు రంగు రేణువులను మింగి కూర్చుంటాయి. ఒక కణం చచ్చిపోతే ఇంకొకటి ఆ రేణువును అందుకుంటుంది. మైక్రోబ్లేడింగ్ కూడా చేసేది ఇదే. కాకపోతే లోతు తక్కువ, రంగులు త్వరగా వెలిసేవి. అర్ధశాశ్వతమన్నది వెలుస్తుందన్న ఆశకు పెట్టిన పేరు. ఎవరి చర్మంలో ఎంతకాలం ఉంటుందో ఎవరూ రాసివ్వలేరు.

ముఖానికి పచ్చబొట్టు అలంకారం ఇప్పటి సరదా కాదు. లండనులో పేరుమోసిన జార్జ్ బర్చెట్ (1872-1953) స్త్రీల చెక్కిళ్ళకు శాశ్వతమైన గులాబి రంగును పొడిచేవాడు. 1980లలో అమెరికాలో కొందరు కంటి వైద్యులే రెప్పల అంచున కాటుకరేఖ పొడవడం మొదలుపెట్టారు. 2010 దాటాక మైక్రోబ్లేడింగ్ ప్రపంచమంతా పాకింది. ఈ దారి పొడుగునా కూడా కొన్ని మజిలీలున్నాయి. ఒక్కొక్క మజిలీ ఒక్కొక్క ప్రశ్న అడగడం నేర్పింది.

మొదటిది సూది. 1961లో న్యూయార్క్ నగరం పచ్చబొట్ల దుకాణాలను నిషేధించింది. కామెర్ల వ్యాధి, హెపటైటిస్ బి, ఆ సూదుల ద్వారా వ్యాపిస్తోందన్నది కారణం. ఆ నిషేధం 1997 దాకా ఎత్తివేయలేదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతకగలదు. స్పిరిటుతో తుడిచిన సూది శుభ్రమైన సూది కాదు. సీలు వేసిన సూదుల వరుసను నా కళ్ళ ఎదుట విప్పుతారా, వాడాక పారవేస్తారా అన్నది మొదటి ప్రశ్న. ఆ జబ్బుకు టీకా ఉంది, మూడు మోతాదులు పూర్తికావడానికి ఆరు నెలలు పడుతుంది. మన దేశంలో రక్తదానానికి వెళితే పచ్చబొట్టు పొడిపించుకున్నవారిని పన్నెండు నెలలు ఆగమంటారు. ఆ నిబంధన వెనక ఉన్నదీ ఈ భయమే.

రెండవది రంగు. 2003, 2004 సంవత్సరాలలో అమెరికాలో ప్రీమియర్ పిగ్మెంట్స్ అనే బ్రాండు రంగులతో కనుబొమలు, పెదవులు దిద్దించుకున్నవారికి వాపులు, పగుళ్ళు, పొక్కులు, గట్టి గడ్డలు మొదలయ్యాయి. కొందరు తినడానికీ మాట్లాడడానికీ కూడా బాధపడ్డారు. 150 మందికి పైగా బాధితుల సంగతి ఆహార ఔషధ సంస్థకు చేరింది. ఆ రంగులను వెనక్కు తీసుకున్నారు. బజారునుంచి సీసాను వెనక్కు తీసుకోవచ్చు, చర్మంలో దిగిన రంగును ఎవరు తీస్తారు? లేజరు ఉంది కదా అంటారు. కానీ కనుబొమల రంగుల్లో ఉండే ఐరన్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు లేజరు తగిలితే ఒక్కొక్కప్పుడు పోవడానికి బదులు ఇంకా నల్లబడతాయి. సీసా మీద తయారీదారు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్నాయా, వాటిని ఫోటో తీసుకోనిస్తారా అన్నది రెండవ ప్రశ్న.

మూడవది నీరు. 2011 చివరినుంచి 2012 దాకా న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టరులో 19 మందికి పచ్చబొట్టు మీద మానని పొక్కులు లేచాయి. సూదులు శుభ్రమైనవే, దుకాణం శుభ్రమైనదే. తప్పు ఎక్కడుందంటే తయారీలోనే బూడిదరంగు సిరాను పలచన చేసిన నీటిలో. క్షయకారక సూక్ష్మజీవికి దూరపు చుట్టమైన ఒక సూక్ష్మజీవి సీలు వేసిన సీసాలోనే కాపురముంది. బట్టీ పట్టిన నీరు వేరు, సూక్ష్మజీవి రహితమైన నీరు వేరు. రంగును దేనితో పలచన చేస్తున్నారన్నది మూడవ ప్రశ్న.

నాలుగవది మొద్దుబరిచే క్రీము. నొప్పి తెలియకుండా ముందుగా పూస్తారు. అందులో లిడోకెయిన్ శాతం మితిమీరినా, ఎక్కువ మేర పూసి ఎక్కువసేపు ఉంచినా గుండె లయ తప్పవచ్చు, మూర్ఛ రావచ్చు. నాలుగు శాతానికి మించిన క్రీములు వాడవద్దని అమెరికా సంస్థ 2024 మార్చిలో హెచ్చరించింది. కంటిలోకి జారితే కంటికీ హానే. మరొక చిక్కు, పీపీడీ పడనివారిలో కొందరికి దాని దాయాది వంటి బెంజోకెయిన్ కూడా పడదు. మా పిల్ల విషయంలో ఇది అక్కరకు వచ్చే సంగతి.

అయిదవది మన శరీరమే. గాయం మానినచోట కణుతులు కట్టే స్వభావం ఉన్నవారు, సోరియాసిస్, బొల్లి ఉన్నవారు (గీత పడినచోటల్లా అవి లేవవచ్చు), అదుపులో లేని మధుమేహం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడేవారు, గర్భిణులు - వీరంతా పార్లరుకంటె ముందు వైద్యుని గడప తొక్కాలి. చేయించుకున్నవారు ఎప్పుడైనా ఎం.ఆర్.ఐ. స్కానింగుకు వెళితే ఆ సంగతి ముందే చెప్పాలి. రంగులోని ఇనుము వల్ల అరుదుగా మంట, వాపు కలుగుతాయి. స్కానింగు మానుకోవలసినంత భయం మాత్రం అక్కరలేదు.

చట్టం ఇప్పటికైనా ఎక్కడికి వచ్చింది? చర్మంలోకి ఎక్కించడానికంటూ అమెరికా సంస్థ ఇప్పటివరకూ ఏ ఒక్క రంగునూ ఆమోదించలేదు. ప్రమాదకరమైన సౌందర్య సాధనాన్ని బజారునుంచి వెనక్కు తెప్పించే అధికారం ఆ సంస్థకు 2022 డిసెంబరులో వచ్చిన చట్టంతో గాని దొరకలేదు. లాష్ లూర్ నాటి చట్టానికీ దీనికీ మధ్య 84 ఏళ్ళు! ఐరోపా సమాఖ్య 2022 జనవరినుంచి పచ్చబొట్టు రంగుల్లో సుమారు నాలుగువేల రసాయనాలను నిషేధించడమో, పరిమితం చేయడమో చేసింది. చట్టం ఎప్పుడూ గాయం వెనకనే నడుస్తుంది. ముందు ఒక ముఖం చెడుతుంది, తరువాత ఒక ఛాయాచిత్రం, ఆ తరువాత ఒక వాక్యం. గోడకు వేలాడే శిక్షణ ధ్రువపత్రం, తగ్గింపు ధర, "మా దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు" అన్న మాట - వీటిలో ఏదీ ఆ వాక్యానికి సాటి రాదు. ఎందుకంటే అది ఒకరి కళ్ళు చెల్లించి కొన్నది.

*

మరి మా పిల్ల సంగతి. ఫోను పెట్టేశాక అక్క ఒక రోజంతా నామీద కోపంగా ఉంది. "శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే గుడ్డితనం మాటలేమిట్రా?" అంది. పిల్ల మాత్రం మౌనంగా చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్ళి వీపుమీద పట్టీ వేయించుకుంది. రెండోనాడు పట్టీ తీశారు. పీపీడీ గడి దగ్గర రూపాయిబిళ్ళంత మేర ఎర్రగా ఉబ్బి చిన్న పొక్కులు లేచాయి. ఆ గడి ఉండవలసినది వీపుమీద కాదు, కంటిపైన అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రంగు అద్దకం జన్మలో వద్దని వైద్యురాలు చెప్పింది. మైక్రోబ్లేడింగ్ గీతలు మానడానికి నాలుగునుంచి ఆరు వారాలు పడుతుంది గనుక పెళ్ళికి ముందు అదీ వద్దంది. తరువాత కావాలంటే చెవి వెనక ఒక చిన్న చుక్క పొడిపించుకొని, కొన్ని వారాలు చూసి, అప్పుడు ఆలోచించుకోమంది.

పెళ్ళినాడు పది రూపాయల పెన్సిలుతో కనుబొమలు దిద్దారు. బాగానే ఉన్నాయి. అప్పగింతల వేళ ఏడ్చి ఏడ్చి ముఖం తుడుచుకునేసరికి ఎడమ కనుబొమ సగం చెరిగిపోయింది. మా అక్క కొంగుతో కూతురి చెంపమీది నలుపు తుడిచింది. ఆ కళ్ళు ఎర్రబడింది ఏడ్పువల్లనే.

నేనిప్పుడు గిన్నెలో మిగిలినది తూములో పోసేస్తున్నాను. ఆదివారం రంగు వేసుకోవాలంటే శనివారమే చెవి వెనక ఒక చుక్క రాసుకుంటున్నాను. నా కనుబొమలు పూర్తిగా నెరిసిపోయాయి. నల్లని తలకింద తెల్లని కనుబొమలు చూసి ఇంటికి వచ్చినవాళ్ళు నవ్వుతున్నారు. నవ్వినవాళ్ళకు పాకెట్టు చేతికిచ్చి వెనకవైపు చదవమంటున్నాను. అక్షరాలు మరీ చిన్నవి. కళ్ళజోడు కావాలి.